జీఆర్86తో మూడేళ్లు: ఒక ఆర్టీసీ డ్రైవర్ కొడుకు రివ్యూ

"ఇది కూర్చునే కారా, పడుకునే కారా?"

మా అమ్మ మొదటిసారి ఈ కారెక్కుతూ అన్న మాట. ఎక్కుతూ అనడం కూడా తప్పే, ఇందులోకి ఎవరైనా దిగాల్సిందే. నేల నుంచి పైకప్పు దాకా మొత్తం 51.6 అంగుళాలు. ముందు తల వంచాలి, తర్వాత నడుం జార్చాలి, ఆఖర్న కాళ్లు లోపలికి లాక్కోవాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇది చిన్నపాటి యోగాసనం. బయటికి రావడం ఇంకా కష్టం, పక్కనెవరైనా చెయ్యి అందించాలి. అమ్మ ఆ ఒక్కసారితో దండం పెట్టేసింది. నాన్న మాత్రం అమెరికాలో ఉన్న మూడు నెలలూ ఇందులోనే తిరిగాడు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేనుండేది అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్‌లో. 2022 నవంబరులో టొయోటా జీఆర్86 కొన్నాను. ప్రీమియం ట్రిమ్ (బేస్ మోడల్‌కి ఒక మెట్టు పైన), ఆరు గేర్ల మాన్యువల్, నెప్ట్యూన్ అనే ముదురు నీలం రంగు. ఇప్పటికి 34,000 మైళ్లు తిరిగింది. ఈ మూడేళ్లలో ఏ పాట్‌లక్‌కి వెళ్లినా, ఎవరి గృహప్రవేశానికి వెళ్లినా పార్కింగ్‌లో ఎవరో ఒకరు ఆపి అడుగుతారు. "రెండు డోర్ల కారెందుకు బాసూ? ఇంకొంచెం వేసుకుంటే టెస్లా వచ్చేది కదా?" ప్లేట్లో పులిహోర పెట్టుకుని నిలబడి చెప్పే జవాబు కాదిది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కొనడంలోనే ఓ కథ నడిచింది. ఆ ఏడాది బేస్ ధర 27,700 డాలర్లు, ప్రీమియం 30,300. రవాణా ఛార్జీ, ట్యాక్సు వేరే. కాగితం మీద ధర అది. మా దగ్గరున్న ఒక డీలర్ దాని మీద ఇంకో ఆరు వేలు అడిగాడు. ఎందుకని అడిగితే "మార్కెట్ అడ్జస్ట్‌మెంట్" అని కాగితం తిప్పి చూపించాడు. సంక్రాంతి ముందు ప్రైవేటు బస్సు టికెట్టుకి వేసే రేటు గుర్తొచ్చింది. రెండు నెలలు ఫోన్లు చేయగా చేయగా అలబామాలో ఒకాయన స్టిక్కర్ ధరకే ఇస్తానన్నాడు. పొద్దున్నే స్నేహితుడి కారులో వెళ్లి, సాయంత్రం నా కారులో వచ్చాను.

ఆ రావడం గురించి చెప్పాలి. నేను కారు నేర్చుకున్నది మార్కాపురంలో, మారుతీ 800 మీద. మనకి గేరు ఎడమ చేత్తో. ఇక్కడ స్టీరింగ్ ఎడమ పక్కన, కాబట్టి గేరు కుడి చేత్తో. మధ్యలో ఎనిమిదేళ్లు ఆటోమేటిక్ తోలి ఎడమ కాలికి పనే లేకుండా పోయింది. మొదటి సిగ్నల్ దగ్గర నా ఎడమ చెయ్యి గేరు కోసం వెళ్లి డోర్ హ్యాండిల్ పట్టుకుంది. రెండో సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయింది. వెనక పికప్ ట్రక్కు వాడు హారన్ కొట్టలేదు, నవ్వాడు. అద్దంలో కనపడింది. ఇంటికొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది, కానీ గ్యారేజీలో పెట్టాక పది నిమిషాలు దిగబుద్ధి కాలేదు.

కారు సంగతి. ఇంజన్ 2.4 లీటర్లు, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. అది సుబారు తయారీ ఇంజన్. అసలు కారు మొత్తం జపాన్‌లో సుబారు ఫ్యాక్టరీలోనే తయారవుతుంది, దీని కవల పేరు సుబారు బీఆర్‌జడ్. ఇందులో పిస్టన్లు పైకీ కిందికీ కాకుండా అడ్డంగా, ఎదురెదురుగా కదులుతాయి. అందువల్ల ఇంజన్ బల్లపరుపుగా, బాగా కిందికి కూర్చుంటుంది. నాన్న బానెట్ ఎత్తించి చూసి మొదట అన్న మాట, "ఇంజనేదిరా? అడుగున పడేశారు!" బరువు కిందికి ఉంటే మలుపులో బండి పక్కకి పెద్దగా ఒరగదు. దానికి తోడు బానెట్, ముందు ఫెండర్లు, పైకప్పు అల్యూమినియం. మొత్తం బరువు 1,280 కిలోల దరిదాపుల్లో. ఈ రోజుల్లో చిన్న ఎస్‌యూవీల్లో కూడా చాలావరకు ఇంతకన్నా ఎక్కువే తూగుతాయి.

పవరు 228 హార్స్‌పవర్, అదీ ఇంజన్ నిమిషానికి 7,000 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే దగ్గర. రెడ్‌లైన్, అంటే ఇంజన్ దాటకూడని హద్దు, 7,500. ఈ అంకెలు చూసి నా టెస్లా స్నేహితులు జాలిపడతారు. సిగ్నల్ దగ్గర వాళ్ల మోడల్ 3 నన్ను వదిలేసి వెళ్తుంది, అందులో దాచేదేం లేదు. 60 మైళ్ల వేగం అందుకోవడానికి కంపెనీ చెప్పే లెక్క 6.1 సెకన్లు. పాత తరం కారులో 2.0 లీటర్ల ఇంజన్ ఉండేది, మధ్యలో 4,000 దగ్గర ఊపిరి పీల్చుకున్నట్టు చప్పబడేది. అది మానింది. ఇప్పుడు టార్క్, అంటే లాగే బలం, అంతా 3,700కే అందుతుంది. ఊళ్లో మూడో గేరులో వేసి వదిలేసినా హాయిగా లాగుతుంది.

అసలు సరదా ఎక్కడంటే, ఈ పవరంతా వాడుకోవచ్చు. రెండో గేరులో రెడ్‌లైన్ దాకా లాగితే 60 మైళ్లు దాటుతుంది, అంతే. హైవేలో కలిసేటప్పుడు ర్యాంప్ మీద రోజూ ఆ పని చేయవచ్చు. అదే 400 హార్స్‌పవర్ కారు అయితే కాలు సగం పెట్టేలోపే తీసేయాలి. మూడో గేరు మాత్రం రెడ్‌లైన్ దాకా లాగకండి, 85 దాటిపోతుంది. జార్జియాలో 85 అందుకుంటే, రెండు లేన్ల రోడ్డు మీదైతే 75 అందుకున్నా, "సూపర్ స్పీడర్" అని మామూలు ఫైను మీద ఇంకో 200 డాలర్లు రాష్ట్రానికి కట్టాలి. నేను కట్టలేదు. మా ఆవిడ ఈ వాక్యం చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

ఇంజన్ చప్పుడు గురించి ఒక నిజం. లోపల వినపడేదాంట్లో కొంత స్పీకర్లలోంచి వస్తుంది. బయట నిలబడి వింటే పెద్ద గొప్ప చప్పుడేం కాదు, కుట్టు మిషన్‌కి కోపమొచ్చినట్టుంటుంది. నాకు అలవాటైపోయింది. దీని మీద వెయ్యి డాలర్లు పెట్టి సైలెన్సర్ మార్చే కుర్రాళ్లున్నారు, వాళ్ల ఇష్టం.

స్టీరింగ్, గేరు, పెడల్స్. డబ్బంతా ఇక్కడ పెట్టారు. స్టీరింగ్ ఎంత తిప్పితే ముందు చక్రాలు అంతే, ఆ క్షణానే. మొదటి నెలలో ఫ్యామిలీ వ్యాన్‌లోంచి ఇందులోకి మారినప్పుడల్లా మలుపులో ఎక్కువ తిప్పేసేవాణ్ణి. గేరు లివర్ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఒక గేటులోంచి ఇంకో గేటులోకి పడినప్పుడు అరచేతికి ఠక్కుమని తెలుస్తుంది. చలికాలం పొద్దున్నే ఆయిల్ వేడెక్కేదాకా రెండో గేరు కాస్త మారాం చేస్తుంది. మాన్యువల్ బండి చలికి చేసే మారాం అంతే, తొందరపెట్టకూడదు. వెనక చక్రాలకి పవర్ ఇచ్చే బండి ఇది, టోర్సెన్ డిఫరెన్షియల్ అన్ని ట్రిమ్‌లలోనూ వస్తుంది. అంటే మలుపులోంచి బయటికొస్తూ కాలు తొక్కితే ఒక్క చక్రమే గిరగిరా తిరిగి పవరు వృథా చేయడం ఉండదు, రెండూ కలిసి తోస్తాయి. ఆ తోపు నడుముకి తెలుస్తుంది. కుర్చీ అంత కిందికి ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమవుతుంది.

ఇప్పుడు నాన్న.

నాన్న ఆర్టీసీలో డ్రైవర్. మార్కాపురం డిపో. దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి దిగాడో ఆయనకే లెక్క లేదు. 2024 వేసవిలో వచ్చాడు. ఒక శనివారం పొద్దున్న ఆరింటికి ఇద్దరం బయల్దేరాం. 400వ నంబరు హైవే మీదుగా డహ్లోనెగా, అక్కణ్ణుంచి 19వ నంబరు రోడ్డు పట్టుకుని బ్లడ్ మౌంటెన్ ఎక్కి, నీల్ గ్యాప్ అనే కనుమ దాటి, వోగెల్ పార్కు దాటగానే ఎడమకి తిరిగి, వుల్ఫ్ పెన్ గ్యాప్ రోడ్డు మీద సూచెస్ అనే ఊరు, మళ్లీ 60వ నంబరు రోడ్డు మీదుగా డహ్లోనెగా. ఉత్తర జార్జియాలో మోటార్ సైకిళ్ల వాళ్లందరికీ కంఠతా వచ్చిన చుట్టు ఇది. టిఫిన్ డబ్బాలో ఇడ్లీలు, కారప్పొడి. డబ్బా వెనక సీట్లో పెట్టాను. ఆ సీటు పుట్టిందే అందుకు.

కొండ మొదలయ్యేదాకా నాన్న ఏం మాట్లాడలేదు. రోడ్డు కేసి, నా ఎడమ కాలి కేసి మార్చి మార్చి చూస్తున్నాడు. మూడో మలుపుకి ఆగలేకపోయాడు.

"ఏందిరా, మలుపులోకొచ్చాక గేరు మారుస్తున్నావ్? ముందే వెయ్యి."

సరేనని ముందే రెండులో వేశాను. బండి ఒక్క కుదుపు కుదిపింది.

"అట్టా కాదు. క్లచ్ తొక్కి, ఎక్స్‌లేటర్ ఒక్కసారి రేజ్ చేసి, అప్పుడు వెయ్యి. ఇంజన్ స్పీడు పెంచి కలపాల. మా లేలాండ్ బళ్లకి డబుల్ క్లచ్ కొట్టకపోతే గేరు పడేదే కాదు, గరగరమని అరిచేది."

ఇంటర్నెట్‌లో ఇదే విషయాన్ని రెవ్ మ్యాచింగ్ అంటారు, హీల్ అండ్ టో అంటారు, దానికి వీడియోలు, కోర్సులు. నేను అవన్నీ చూశాను. చూసిందంతా ఒక ఎత్తు, పక్క సీట్లో కూర్చుని "ఇప్పుడు... ఇప్పుడెయ్" అనే నాన్న ఒక ఎత్తు. ఈ కారులో బ్రేక్ పెడల్, ఎక్స్‌లేటర్ పక్కపక్కనే ఉంటాయి. కుడి పాదం ముందు భాగం బ్రేక్ మీద ఉంచి, అంచుతో ఎక్స్‌లేటర్ తట్టవచ్చు. ఇంజన్ వెంటనే పలుకుతుంది, టర్బో కోసం కాచుకునే పని లేదు. నీల్ గ్యాప్ చేరేసరికి పదిసార్లలో నాలుగుసార్లు కుదిరింది. కుదిరినప్పుడు కుదుపే ఉండదు. కారు మోకాళ్లు వంచి కూర్చున్నట్టు మెత్తగా గేరులో పడుతుంది.

నీల్ గ్యాప్‌లో ఒక రాతి కట్టడం ఉంటుంది, అపలాచియన్ ట్రెయిల్ అనే పొడవాటి నడక దారి దాంట్లోంచే వెళ్తుంది. ముందు చెట్టుకి నడిచేవాళ్లు వదిలేసిన పాత బూట్లు వేలాడుతుంటాయి. ఆ చెట్టు కింద ఇడ్లీ తింటూ నాన్న కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ముందు టైర్ మీద అరచెయ్యి ఆనించాడు, తర్వాత వెనక టైర్ మీద. వేడి చూస్తున్నాడు. డిపోలో బండి దిగగానే చేసే పని.

"వెనకవే కాస్త ఎక్కువ కాలినయ్. నువ్వు బయటికొచ్చేటప్పుడు తొందరపడి తొక్కుతున్నావు."

నిజమే.

తిరిగొచ్చేటప్పుడు సూచెస్ దాటాక ఒక ఎడమ మలుపు ఉంది, దిగుడులో, మొదట తేలిగ్గా కనపడి చివర్లో బిగుసుకుంటుంది. అక్కడ వెనక భాగం ఒక అర అడుగు జారింది. భయపడేంత కాదు, చేతులకి తెలిసేంత. నేను స్టీరింగ్ కొంచెం వెనక్కి తిప్పాను, అది సర్దుకుంది. బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఆన్‌లోనే ఉంది, అది కూడా ఓ చెయ్యి వేసి ఉంటుంది. నాన్న నా వైపు తిరగలేదు. "ఇసక ఉందిక్కడ" అన్నాడు, అంతే. పొట్లంలోంచి ఒక్కపొడి నోట్లో వేసుకున్నాడు.

ఇంకో కథ కూడా చెప్పాలి, ఇది అమ్మ కోటాలోది. కొత్త జీఆర్86 కొన్నవాళ్లకి ఒక ఏడాది నాసా మెంబర్‌షిప్, ఒక రోజు ట్రాక్ డ్రైవింగ్ ఉచితంగా ఇస్తారు. నాసా అంటే నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. నేను ఫోన్లో "నాసా మెంబర్‌షిప్ వచ్చిందమ్మా" అన్నాను, సరదాకే. సాయంత్రానికి మార్కాపురంలో మా పిన్ని, బాబాయి, రెండు వీధుల అవతల లెక్కల మాస్టారు అందరూ ఫోన్లు. సర్దిచెప్పడానికి వారం పట్టింది. లెక్కల మాస్టారికి ఇప్పటికీ సర్దిచెప్పలేదు.

ఆ ఉచిత రోజు రోడ్ అట్లాంటాలో వాడుకున్నాను. బ్రాసెల్టన్‌లో ఉంది, మా ఇంటికి గంట లోపు. 2.54 మైళ్ల ట్రాక్, 12 మలుపులు. పక్కన ఒక ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు. వెళ్లేముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్చుకుని రమ్మని ఆయనే చెప్పాడు. మార్చాను, వంద డాలర్ల లోపు పని. రోడ్డు కోసం చేసిన ఫ్లూయిడ్ ట్రాక్ మీద మరిగిపోయే ప్రమాదం ఉంది, ఏ కారుకైనా. మీరూ వెళ్లేటట్టయితే ఇది మాత్రం మర్చిపోకండి. పదకొండో మలుపు వంతెన కిందుంటుంది. ఎక్కుడు ఎక్కి అక్కడికొచ్చాక ముందు ఆకాశం తప్ప ఏం కనపడదు, వెంటనే పన్నెండో మలుపులోకి లోయలోకి దూకినట్టు దిగుతాం. మొదటి మూడు రౌండ్లు అక్కడ గోవిందా అనుకున్నాను, పైకే. సూటి దారిలో కార్వెట్‌లు వస్తే చెయ్యి చూపించి దారిచ్చాను. మలుపుల్లో మాత్రం మళ్లీ వాళ్ల వెనకే తేలేవాణ్ణి. ప్రీమియంతో వచ్చే 18 అంగుళాల మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్ల పుణ్యమది. బేస్‌లో 17 అంగుళాల చక్రాలు, కాస్త జారే ప్రైమసీ టైర్లు. అవి తక్కువ వేగంలోనే జారతాయి కాబట్టి అవే సరదా అనేవాళ్లూ ఉన్నారు.

ఇక సంసారం. డిక్కీ 6.3 ఘనపుటడుగులు, మన లెక్కలో సుమారు 177 లీటర్లు. ఆల్టో 800 డిక్కీ ఎంతో ఇదీ అంతే. ఇరవై పౌన్ల సోనా మసూరి బస్తాలు రెండు, కూరగాయలు, పాల క్యాన్లు రెండు పడితే మూత పడుతుంది. వెనక సీటు మడిస్తే కథ మారుతుంది. నాలుగు టైర్లు పట్టేలా కావాలని చేశారు, ఆ లెక్కన నేనొక బుక్ షెల్ఫ్ పెట్టె కూడా తెచ్చాను. వెనక సీట్లో మా అమ్మాయి, ఆరేళ్లది, బూస్టర్ వేసుకుని కూర్చుంటుంది, ముందు మా ఆవిడ సీటు జరుపుకుంటే. పెద్దవాళ్లు ఆ సీట్లో డహ్లోనెగా దాకా కూడా వెళ్లలేరు. ఇంట్లో ఇంకో కారు ఉంటేనే ఇది కొనండి. మాకు వ్యాన్ ఉంది, అది లేకపోతే మా ఆవిడ ఈ కారు కొననిచ్చేదే కాదు, ఆవిడ వైపే న్యాయం ఉండేది.

హైవే మీద చప్పుడెక్కువ. ఆరో గేరులో 70 మైళ్ల దగ్గర ఇంజన్ 3,000 మీద తిరుగుతుంది, టైర్ల రొద దానికి తోడు. బిట్రగుంట దాటుతున్న గూడ్సు బండిలో కూర్చున్నట్టు అని మా ఆవిడ అంటుంది, కొంచెం అతిశయోక్తే. అయిదారు గంటల ప్రయాణానికి వ్యానే తీస్తాం. 2022 మాన్యువల్‌లో ముందు బండిని బట్టి వేగం తగ్గించుకునే క్రూయిజ్ లేదు. సాయంత్రం 400 ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కుతూ వదులుతూ ముప్పావు గంట పాకితే ఎడమ కాలు అడుగుతుంది, నువ్వేమైనా ఆర్టీసీలో చేస్తున్నావా అని. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని కాబట్టి సరిపోయింది.

ఖర్చులు. ప్రీమియం పెట్రోలే పొయ్యాలి, ఇక్కడ 93 ఆక్టేన్‌ది. ప్రభుత్వ లెక్క ఊళ్లో 20, హైవేలో 27 మైళ్లు గ్యాలన్‌కి. నాకు హైవేలో 29 దాకా వస్తోంది, కొండల్లో 18. మొదటి రెండేళ్లు లేదా 25,000 మైళ్ల దాకా సర్వీసింగ్ కంపెనీదే. 23,000 దగ్గర వెనక టైర్లు అరిగాయి (నాన్న చెప్పిన కారణమే), నాలుగూ మార్చేశాను. ఈ ఇంజన్ ఆయిల్ పాన్‌లో సీలెంట్ ముక్కలు ఊడి ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడతాయని ఓనర్లలో పెద్ద చర్చే నడిచింది. నా బండిలో మూడేళ్లలో ఏ ఇబ్బందీ లేదు. అయినా పాతది కొనేవాళ్లు, ముఖ్యంగా ట్రాక్ మీద తిరిగినది కొనేవాళ్లు, సర్వీసు కాగితాలు అడిగి తీసుకోండి.

పోటీ కార్లు నడిపి చూశాను. మాజ్డా మియాటా ఇంకా తేలిక, టాప్ తీస్తే స్వర్గమే, కానీ రెండే సీట్లు. మా అమ్మాయిని ఎక్కడ పెట్టను? మస్టాంగ్ నాలుగు సిలిండర్లది బలంగా ఉంది, మలుపులో పెద్ద బండిలానే ఉంది. బీఆర్‌జడ్ ఇదే కారు, వెనక సస్పెన్షన్ సెట్టింగ్ కొంచెం నిదానం. వర్షంలో అదే నయమేమో. నాకు దొరికింది ఇది, అంతే తేడా.

హైదరాబాద్ నుంచి మా తమ్ముడు అడుగుతుంటాడు, అక్కడ దొరుకుతుందా అని. ఇండియాలో టొయోటా దీన్ని అమ్మట్లేదు. అమ్మినా, నేలకీ కారుకీ మధ్య అయిదు అంగుళాలే ఖాళీ. మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఒక్కటి చాలు. రివర్‌డేల్ వెంకటేశ్వరస్వామి గుడిలో వాహన పూజ చేయించినప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికే పంతులుగారు మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. "బాగా కిందికుంది నాయనా" అన్నారు, ఆశీర్వచనం మధ్యలో.

బేస్ తీసుకోవాలా, ప్రీమియమా అంటే, ట్రాక్ మీదికి వెళ్తారా అన్నది తేల్చుకోండి. వెళ్లేవాళ్లు ఎలాగూ టైర్లు మారుస్తారు కాబట్టి బేస్ చాలు. చలికి సీటు వెచ్చగా కావాలంటే ప్రీమియం. ఆటోమేటిక్ ఉంది, నేను నడపలేదు, దాని గురించి చెప్పను. నాన్న మళ్లీ మార్చిలో వస్తున్నాడు. నిన్న ఫోన్లో అమ్మ మాట్లాడుతుంటే మధ్యలో లాక్కుని అడిగాడు, "ఆ సూచెస్ దిగుడులో ఇసక తీశారా?"